మధ్యలో ఒక్క గీత

మధిరలో మా ఇల్లు అద్దెకిద్దామని అటక మీది సామాను దించుతుంటే ఆ టీవీ బయటపడింది. అమ్మ పాత దుప్పటితో కుట్టిన కవరు, దాని మీద ఎర్రదారంతో రెండు హంసలు, హంసల మీద మందంగా దుమ్ము. తమ్ముడు అప్పటికే పాతసామాన్లు కొనే అతన్ని పిలిచి బేరం కూడా మాట్లాడేశాడు. మూడొందలు. "ఏం చేసుకుంటావక్కా దాన్ని? ట్యూబు టీవీ ఇప్పుడెవరు చూస్తారు?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. ట్రాలీ ఆటో పిలిచి ఖమ్మం తెచ్చేసుకున్నాను.

నాన్న 1988 దీపావళికి కొన్న 20 అంగుళాల కలర్ సెట్టు అది. అంతకుముందు మా ఇంట్లో ఈసీ టీవీ ఉండేది, హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్లది, బ్లాక్ అండ్ వైట్. మన దేశంలో రంగుల ప్రసారం 1982లోనే మొదలైంది. ఆ ఏడాది ఆగస్టు 15న ఎర్రకోట ప్రసంగం, నవంబరులో ఢిల్లీ ఆసియా క్రీడలు రంగుల్లో చూపించారు. మా గడప తొక్కడానికి ఆ రంగులకి ఇంకో ఆరేళ్లు పట్టింది. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. పదకొండు వేల రెండొందలు పెట్టి టీవీ కొనడం మా ఇంట్లో ఒక పెళ్లి చేసినంత పని. ఆ రోజు రాత్రి ఏడింటికి తెలుగు వార్తలు మొదలయ్యేసరికి మా ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. అప్పటిదాకా బూడిదరంగులో చూసిన శాంతి స్వరూప్ గారిని రంగుల్లో చూడటానికి వచ్చారందరూ.

టీవీతోపాటు ఇంకోటి కూడా దొరికింది. మిల్లులో జమాఖర్చులు రాసే సన్నపాటి పొడుగు పుస్తకం. అందులో టీవీ కోసం నాన్న నాలుగు పేజీలు విడిగా పెట్టారు. బిల్లు, గ్యారంటీ కార్డు, మడతలు పెట్టిన సర్క్యూట్ పటం అట్టలో దోపి ఉన్నాయి. పేజీల్లో ఇలా రాసుంది:

20-3-91. తెర నాలుగువైపులా కుంచించుకుపోతోంది. ఫిల్టర్ కండెన్సర్ మార్చారు. రూ. 85.

11-6-94. పిడుగు. యాంటెనా వైరు కాలింది. ట్యూనరు మార్చారు. రూ. 450.

2-9-99. మాట వస్తోంది, బొమ్మ లేదు. ఎల్‌ఓటీ. రూ. 900.

14-8-04. మధ్యలో ఒక్క గీత. పక్కన తడితే బొమ్మ వచ్చి పోతోంది. తర్వాత చూడాలి.

ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏడాదే తమ్ముడు కొత్త టీవీ తెచ్చాడు, ఇది అటకెక్కింది. నాన్న పోయి మూడేళ్లయింది. ఆయన "తర్వాత చూడాలి" అన్న పని నేను చూద్దామనుకున్నాను.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. కెపాసిటర్ గురించీ కాయిల్ గురించీ ఏళ్లుగా నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెబుతూనే ఉన్నాను గానీ సోల్డరింగ్ ఐరన్ మాత్రం ఈ వేసవి సెలవుల దాకా ఒక్కసారీ చేత పట్టలేదు. అందుకని ముందు మనిషిని వెతుక్కున్నాను. గాంధీచౌక్ దగ్గర ఒకప్పుడు టీవీ రిపేరు షాపు నడిపిన పెద్దాయన ఒకరున్నారు. ఇప్పుడా షాపులో ఆయన కొడుకు మొబైల్ కవర్లు అమ్ముతున్నాడు. నేను విషయం చెప్పగానే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "టీచరమ్మా, చేసేది మీరా, నేనా?" అని అడిగారు. నేనేనన్నాను. "అయితే నేను మీ ఇంటికి రాను. మీరే వచ్చి అడగండి, చెబుతాను" అన్నారు. ఆ మాట ఆయన ఎందుకన్నారో నాకప్పుడు తెలియలేదు. ఆయనే గనక వచ్చి ఉంటే గంటలో పని అయిపోయేది, నాకు ఒక్క ముక్కా వచ్చేది కాదు.

ఆయన మొదటి రోజు చెప్పినవన్నీ ప్రాణానికి సంబంధించినవే. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెట్టబోతుంటే ఈ భాగం మాత్రం తొందరపడకుండా చదవాలి.

కలర్ పిక్చర్ ట్యూబుకి సుమారు 25 వేల వోల్టులు వెళతాయి. ట్యూబు మీద ఒకపక్క రబ్బరు కప్పు అతుక్కుని ఉంటుంది, దాని కింద నుంచి. ట్యూబు గాజుకి లోపలా బయటా నల్లటి పూత ఉంటుంది. రెండు పూతలు, మధ్యలో గాజు. ఛార్జిని దాచుకునే కెపాసిటర్ అని మేం పిల్లలకు చెప్పేది అచ్చంగా అదే. స్విచ్చి తీసేసినా ఆ ఛార్జి అందులో నిలిచి ఉంటుంది. ఒకసారి ఖాళీ చేసినా కాసేపటికి గాజులోంచి కొంత మళ్లీ ఊరుతుంది. ఇరవై ఏళ్లు అటక మీదున్న ట్యూబులో ఏమీ ఉండకపోవచ్చు. "ఉండదులే అని చెయ్యి పెట్టే అలవాటు మొదటి రోజే అవ్వకూడదు" అన్నారాయన. పొడుగు స్క్రూడ్రైవరు కడ్డీకి వైరు చుట్టి, ఆ వైరు రెండో కొసని ట్యూబు వెనక నల్లపూత మీద వడ్డాణంలా బిగించి ఉన్న అల్లిక తీగకి పట్టించి, ఒక్క చేత్తోనే, రెండో చెయ్యి వెనక్కి పెట్టుకుని, కప్పు అంచు కిందకి మెల్లగా తోశాను. ఏ చప్పుడూ రాలేదు. రెండోసారీ చేశాను. ఆ తర్వాత టీవీ పనిచేయడం మొదలయ్యాక అదే పని చేసినప్పుడల్లా టప్ మని నీలం మెరుపు వచ్చింది. ఆ చప్పుడు విన్నవాళ్లు ఆ రబ్బరు కప్పుని ఇంకెప్పుడూ తేలిగ్గా తీసుకోరు.

రెండోది పెద్ద ఫిల్టర్ కండెన్సర్. కెపాసిటర్‌నే మెకానిక్కులు కండెన్సర్ అంటారు. మన ఇంట్లో కరెంటు 230 వోల్టులు, దాన్ని డయోడ్లతో సూటిగా డీసీగా మారిస్తే 325 దాకా వస్తుంది. ఆ 325 వోల్టులు ఆ కండెన్సర్లో దాక్కుని ఉంటాయి. దాన్ని బల్బు కాళ్లకు తగిలించి ఖాళీ చేసి, మల్టీమీటరుతో చూసుకుని గానీ బోర్డు ముట్టుకోకూడదు. మూడోది, ఆ కాలం సెట్లలో చాలావాటికి బోర్డు సగభాగం నేరుగా ఇంటి కరెంటుతో ముడిపడి ఉంటుంది. దీనికి తన పాత ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అరువిచ్చారు, సెట్టుకి ఇంటి కరెంటుతో నేరుగా ముడి లేకుండా చేసేది. అది మోసుకు రావడానికి మా ఆయన్ని తోడు తీసుకెళ్లాల్సి వచ్చింది.

వెనక తలుపు విప్పాక చాలాసేపు ఏమీ ముట్టుకోకుండా కూర్చున్నాను. గోధుమరంగు బోర్డు మీద ఫెల్టులా పరుచుకున్న దుమ్ము. స్పీకరు మూలలో బల్లిగుడ్ల పెంకులు, తెల్లగా, విప్పిన మాత్రల గొట్టాల్లా. ఎలుక కొరికిన వైరు ఒకటి. 1991లో మార్చిన ఫిల్టర్ కండెన్సర్ ఎక్కడుందో కనబడుతోంది, మిగతావన్నీ నీలం, అదొక్కటే నలుపు. 94 నాటి ట్యూనరు, అంటే చానెళ్లను పట్టే డబ్బా, కొత్త రేకులా మెరుస్తోంది. 99లో వేసిన ఎల్‌ఓటీ, అంటే ట్యూబుకి ఆ వేల వోల్టులు తయారుచేసిచ్చే ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద మెకానిక్ పెన్సిలుతో రాసిన తేదీ కూడా ఉంది. నాన్న పుస్తకంలోవన్నీ నా ఎదుట వస్తువుల రూపంలో ఉన్నాయి. పెయింటు బ్రష్షుతో దుమ్ము దులపడానికే రెండు రోజులు పట్టింది. ట్యూబు మెడ దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టి దులిపాను. అక్కడ గాజు సన్నం, పుటుక్కుమంటే ఇక ఆ సెట్టుకి మిగిలేది పెట్టే.

ఇక స్విచ్చి వేయాలి. నేరుగా ప్లగ్గులో పెట్టొద్దన్నారు పెద్దాయన. సెట్టుకీ కరెంటుకీ మధ్యలో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టాలి. లోపల షార్ట్ ఉంటే కరెంటంతా బల్బు తాగేసి ఫుల్లుగా వెలుగుతుంది, బోర్డు కాలదు. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. ఫిలమెంట్ బల్బు కోసం ఊరంతా తిరిగాను. చివరికి మా వీధి కిరాణా కొట్టులో పై అరలో ఒక్కటి దొరికింది. తెరకి అంటిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే డీగాసింగ్ కాయిల్ ప్లగ్గు ముందే లాగేయాలి, లేకపోతే అదే బల్బుని వెలిగించి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

స్విచ్చి వేశాను. బల్బు ఫుల్లుగా వెలిగింది, అలాగే ఉండిపోయింది. తీసేసి, ఖాళీ చేసి, మల్టీమీటరు బీప్ పెట్టి నాలుగు డయోడ్లూ ఒక్కొక్కటే చూశాను. ఒకటి రెండువైపులా బీప్ మంది. పుస్తకాల్లో డయోడు ఒకవైపే దారి ఇస్తుందని వేలమంది పిల్లలకు చెప్పాను. పాడైన డయోడు రెండువైపులా దారి ఇవ్వడం నా చేతిలో చూసుకోవడం అదే మొదలు. నాలుగూ మార్చాను. నా మొదటి సోల్డరింగులు అవి. లెడ్డు ముద్దగా కట్టి అసహ్యంగా వచ్చాయి. తీసి మళ్లీ పెట్టాను. ఐరన్ మొనతో ముందు కాలునీ రాగినీ కలిపి వేడిచేసి, లెడ్డుని మొనకి కాకుండా కాలికి తగిలిస్తే, అది తనంతట తానే పాకి, కాలి చుట్టూ చిన్న గోపురంలా నిలబడుతుంది. ఆ పాకడం కంటికి పట్టుబడేదాకా పాత రేడియో బోర్డు ఒకటి ముందేసుకుని సాధన చేశాను.

మళ్లీ బల్బు. ఈసారి భగ్గున వెలిగి వెంటనే మసకబారింది. అంటే షార్ట్ పోయింది. బల్బు తీసేసి నేరుగా ఇచ్చాను. చేతిమీది వెంట్రుకలు తెర వైపు లేచాయి. తెర చిటపటమంది. పక్కగదిలో హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయి చెవులు మూసుకుని పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఆ కీచుమనే సౌండేంటి?"

నాకేమీ వినబడటం లేదు.

కాసేపటికి అర్థమైంది. తెర మీద ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే సెకనుకు 15,625 గీతలు. ఎల్‌ఓటీ అన్నిసార్లు కంపిస్తుంది, ఆ కూత పిల్లల చెవికి స్పష్టంగా అందుతుంది. వయసుతోపాటు చెవికి పైస్థాయి శబ్దాలు అందడం తగ్గుతుంది. చిన్నప్పుడు వీధి మలుపు తిరుగుతుండగానే మా ఇంట్లో టీవీ వేశారో లేదో నాకు తెలిసిపోయేది. మాటలు వినబడకపోయినా తెలిసేది. ఎలా తెలుస్తోందని అమ్మ ఆశ్చర్యపోయేది. నాకు 45 ఇప్పుడు, మా అమ్మాయికి 12. ఆ కూత తన చెవిలోకి వెళ్లిందని తెలిసి నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. అప్పటి నుంచి సెట్టు లేచిందా లేదా అన్నది చెప్పే పని తనదే.

తెర మీద ఏముంది? నల్లటి తెర మధ్యలో, ఈ కొస నుంచి ఆ కొసదాకా, ఒక్క తెల్లని గీత. 14-8-04న నాన్న చూసిన గీత.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. పాత సెట్టంటే ముందు కండెన్సర్లన్నీ మార్చేయాలని ఎక్కడో చూసి, పెద్దాయన్ని అడక్కుండానే రెండో శనివారం హైదరాబాద్ వెళ్లాను. కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరకనివంటూ ఉండవు. జానెడు వెడల్పు షాపులు, నేల నుంచి కప్పుదాకా చిన్న చిన్న సొరుగులు, మనం నంబరు చెప్పేలోపే చెయ్యి ఆ సొరుగులోకి వెళ్లిపోతుంది. బోర్డు మీదున్న 31 కండెన్సర్లకూ జాబితా రాసుకెళ్లి అన్నీ తెచ్చాను. ఆదివారం ఒక్క రోజులో అన్నీ మార్చేశాను. సాయంత్రం స్విచ్చి వేశాను. మూడు సెకన్లలో టప్పున పేలింది ఒకటి. గదంతా ఘాటువాసన, కండెన్సర్ పొట్టలోంచి దూదిలాంటి పదార్థం. మైనస్ వైపున్న చార చూసుకోకుండా తిప్పి పెట్టాను. 470 మైక్రోఫారడ్లది, బొమ్మని పైనుంచి కిందకి పరిచే వర్టికల్ సెక్షనుకి కరెంటిచ్చే దారిలోది.

అది మార్చాను. గీత అలాగే ఉంది. అంతకుముందు సెట్టు పక్కన తడితే గీత ఒకటి రెండుసార్లు విచ్చుకున్నట్టు అనిపించేది, ఇప్పుడు అదీ లేదు. 31 మార్చాను కాబట్టి తప్పు ఎక్కడుందో వెతకాలంటే 31 చోట్లు. పాత కండెన్సర్లని టెస్టరులో పెట్టి చూస్తే 27 బాగానే ఉన్నాయి. వారం రోజులు నిద్ర సరిగా పట్టలేదు. నాన్న పదహారేళ్లు భద్రంగా వాడుకున్న వస్తువుని నేను ఒక్క ఆదివారంలో పాడుచేశాననే బాధ.

చివరికి పుస్తకం, సర్క్యూట్ పటం, ఫోటోలు తీసుకుని గాంధీచౌక్ వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. నాన్న పుస్తకం తీసి, ఆ నాలుగో పద్దు దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివారు.

"మీ నాన్నగారు ఏం పని చేసేవారమ్మా?"

"మిల్లులో గుమాస్తా అండి."

"మెకానిక్కి కావలసింది రాసిపెట్టారు చూడండి. పక్కన తడితే బొమ్మ వచ్చి పోతోంది అన్నారు. కండెన్సర్ పోతేనో ఐసీ పోతేనో తడితే వస్తుందా? రాదు. తడితే వచ్చిందంటే ఎక్కడో అతుకు వదిలింది. డ్రై జాయింట్. వర్టికల్ ఐసీ కాళ్లు చూడండి, తర్వాత ట్యూబు మెడకున్న యోక్ కాయిల్ ప్లగ్గు."

నేను ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నాన్న చేతిరాతని చూశాను, ఆ వాక్యం చెబుతున్నది వినలేదు.

ఇంకో మాట కూడా చెప్పారు. గీత వస్తున్నప్పుడు సెట్టుని అలా వదలకూడదు. తెరంతా పంచుకోవాల్సిన ఎలక్ట్రాన్ కిరణం ఒక్క గీత మీదే పడుతుంది, అక్కడ తెర లోపలి పూత, ఫాస్ఫరు, కాలి మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. ఎల్‌ఓటీ మీదున్న 'స్క్రీన్' నాబ్ తగ్గించి, గీత కనీకనిపించనంత మసగ్గా పెట్టుకుని వెతకాలి. అదృష్టం కొద్దీ మా తెరకి మచ్చ పడలేదు.

స్కూలు ల్యాబులోంచి పెద్ద భూతద్దం తెచ్చుకుని బోర్డు తిరగేశాను. వర్టికల్ ఐసీ, అంటే ఆ సెక్షనుని నడిపే చిప్పు, ఒక అల్యూమినియం రేకుకి బిగించి ఉంటుంది, పనిచేసినంతసేపూ వేడెక్కుతుంది, ఆపగానే చల్లారుతుంది. రోజూ ఉబ్బడం, తగ్గడం. వరసగా తొమ్మిది కాళ్లు. మామూలుగా చూస్తే అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. దీపం పక్కవాటుగా పెట్టి, భూతద్దం కిందకి దించితే ఐదో కాలి చుట్టూ సన్నటి నల్లటి గీత. పాలగిన్నెలో పాలు దిగిపోయాక అంచు చుట్టూ మిగిలే చార ఉంటుంది చూడండి, అలా గుండ్రంగా, పూర్తిగా చుట్టూ. కాలు ఉన్నది, లెడ్డు ఉన్నది, రెండింటి మధ్యా వెంట్రుకంత ఖాళీ. ఏడో కాలికి అదే చార సగందాకా వచ్చి ఆగింది. ఇరవై ఏళ్లుగా మా టీవీ అటక మీద ఉన్నది ఆ చార వల్ల.

పాత లెడ్డు మొత్తం పంపుతో లాగేసి, తొమ్మిది కాళ్లకీ కొత్తది పెట్టాను. నేను తిప్పి పెట్టిన కండెన్సర్ పేలినప్పుడు ఆ దారిలో ఫ్యూజులా పనిచేసే ఫ్యూజబుల్ రెసిస్టర్ కూడా పోయింది, అదీ మార్చాను. అందుకే తడితే వచ్చే బొమ్మ కూడా రాకుండా పోయింది.

స్విచ్చి వేశాను. "కూత వచ్చిందమ్మా" అంది అమ్మాయి. కొన్ని సెకన్లకు తెర పైనుంచి కిందిదాకా బూడిదరంగు వెలుగు నిండింది. నేను ఏడ్చాను. అమ్మాయి కంగారుపడి వాళ్ల నాన్నని పిలిచింది.

తర్వాత ఏం చూడాలి? దూరదర్శన్ నేలమీది అనలాగ్ ప్రసారాలు దాదాపు అన్నిచోట్లా ఆగిపోయాయి, యాంటెనా పెట్టినా పట్టుకోవడానికి ఏమీ లేదు. మా సెట్టుకి ఉన్నది యాంటెనా వైరు పెట్టే రంధ్రం ఒక్కటే. అందుకని ఫ్రీడిష్ బాక్సు తెచ్చి, దాని బొమ్మనీ మాటనీ ఒక ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్‌కిచ్చి, అక్కణ్నుంచి టీవీకి. ఆ చిన్న డబ్బా మా గదిలో ఒక టీవీ స్టేషనన్న మాట. సెట్టు ముందు బటన్ల కింద సన్నటి సొరుగు లాగితే ఎనిమిది పళ్లచక్రాలు ఉంటాయి. గోటితో ఒకదాన్ని తిప్పుతూ పోయాను. ఇసుక, ఇసుక, ఇసుక, ఒక వంకరటింకర నీడ, ఆ తర్వాత మనిషి ముఖం. బ్లాక్ అండ్ వైట్‌లో. ఇంకో వెంట్రుకవాసి తిప్పేసరికి ఆ ముఖానికి రంగు వచ్చి కూర్చుంది. రంగు సమాచారం 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర, బొమ్మ సంకేతానికి ఆ చివర ఉంటుంది. ట్యూనింగ్ కొంచెం అటైనా బొమ్మ ఉంటుంది గానీ రంగు జారిపోతుంది. చిన్నప్పుడు డాబా మీద నాన్న యాంటెనా తిప్పుతూ "వచ్చిందా?" అంటే "బొమ్మొచ్చింది, రంగు రాలేదు" అని కింద నుంచి అరిచేదాన్ని. అప్పటి సంగతి ఇప్పుడు తెలిసింది.

పైనా కిందా రెండు నల్లపట్టీలు చూసి వర్టికల్ మళ్లీ చెడిందని హడలిపోయాను. బాక్సు వెడల్పు తెరకి సర్దిన బొమ్మ పంపుతోంది, అంతే. సెట్టింగుల్లో 4:3 చేశాక తెర నిండింది.

ఎడమవైపు పైమూలలో ఊదారంగు మరక ఉండేది. తెర వెనక ఉండే రంధ్రాల ఇనపరేకుకి అయస్కాంతత్వం అంటుకుంటే ఎర్రకిరణం వెళ్లి నీలం చోట పడుతుంది. స్విచ్చి వేసిన ప్రతిసారీ దాన్ని పోగొట్టడానికే ట్యూబు చుట్టూ ఆ డీగాసింగ్ కాయిల్. దాన్ని నడిపే పీటీసీ అనే నల్లటి చిన్న పెట్టెని విప్పి చెవి దగ్గర ఊపితే లోపల గలగలమంది. బిళ్ల పగిలిపోయింది. కొత్తది 40 రూపాయలు. అది వేసి స్విచ్చి నొక్కగానే గుయ్ మని ఒక్క క్షణం తెరంతా వణికి, మరక మాయమైంది.

ఈ బోర్డులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు ఒకటుంది. అగ్గిపెట్టెలో సగం ఉన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల ఒక గాజుపలక. డిలే లైన్ అంటారు. మన దేశం ఎంచుకున్న పాల్ అనే రంగుల ప్రసార పద్ధతికి ప్రాణం అదే. జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ బ్రూక్ 1960లలో తయారుచేసిన పద్ధతి ఇది. గాలిలో వచ్చేటప్పుడు రంగు సంకేతం కాస్త అటూ ఇటూ జరిగితే మనిషి ముఖం పచ్చబడిపోతుంది. ఆయన ఏం చేశాడంటే, గీత విడిచి గీతకి సంకేతంలో ఒక భాగాన్ని తిరగేసి పంపమన్నాడు. అప్పుడు ఒక గీతలో రంగు ఎటు తప్పితే పక్కగీతలో దానికి ఎదురువైపు తప్పుతుంది. రెండూ కలిపేస్తే తప్పు తప్పుని కొట్టేస్తుంది. కలపాలంటే వెనకటి గీత ఇంకా చేతిలో ఉండాలి కదా. ఒక గీతకు పట్టే కాలం 64 మైక్రోసెకన్లు. అంతసేపు గీతని ఎక్కడ దాచాలి? గాజులో. సంకేతాన్ని చెవికందని ధ్వనిగా మార్చి గాజుపలకలోకి పంపితే, అది అంచులకు తగిలి మలుపులు తిరిగి అవతలి కొసకు చేరేసరికి సరిగ్గా ఆ 64 మైక్రోసెకన్లు గడుస్తాయి. ఈలోపు కొత్త గీత వచ్చేస్తుంది. మా ముందుగదిలో కూర్చున్నవాళ్లందరూ చూసిన రంగులు ఒక్కో గీత చొప్పున ఆ గాజులో ధ్వనిగా ప్రయాణించి వచ్చినవే. జూన్‌లో బడి తెరిచాక పదో తరగతికి ఈ సంగతి చెప్పాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఒక ఆదివారం డీడీ యాదగిరిలో వంటల కార్యక్రమం వస్తోంది. పులిహోర. అమ్మాయి భూతద్దం పట్టుకుని తెరకి ఆనించి చూస్తోంది. "అమ్మా, పసుపు ఎక్కడుంది? ఎర్రగీతలు, ఆకుపచ్చ గీతలే ఉన్నాయి" అంది. వెనక్కి వచ్చి చూస్తే పులిహోర పసుప్పచ్చగా ఉంది. మళ్లీ దగ్గరికి వెళితే పసుపు లేదు. అరగంటసేపు వెనక్కీ ముందుకీ నడుస్తూనే ఉంది, ఏ అడుగు దగ్గర పసుపు పుడుతోందో కనిపెడదామని. సుద్దముక్కతో నేల మీద గుర్తు కూడా పెట్టుకుంది.

ట్యూబు ముసలిదైంది. దాని లోపల ఎర్రరంగుకి కిరణం పంపే గన్ను వేడెక్కడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా మనుషులు నీలపచ్చగా ఉంటారు. ఎల్‌ఓటీకి ఇంకో చుట్టు తీగ చుట్టి హీటరు వోల్టేజీ పెంచితే ఎరుపు పుంజుకుంటుందని, అప్పట్లో మెకానిక్కులు అలా చేసేవారని విన్నాను. పెద్దాయన వద్దన్నారు. "నాలుగు నెలలు వెలుగుతుంది, తర్వాత పూర్తిగా పోతుంది. నాలుగు నిమిషాలు ఆగలేరా అమ్మా?" ఆగుతున్నాం. మొన్నోసారి ఆయనే మా ఇంటికి వచ్చారు, పిలవకుండానే. బోర్డు తిరగేయమని నా సోల్డరింగులు ఒక్కొక్కటే చూశారు. మూడు చోట్ల వేలు పెట్టి "ఇవి మళ్లీ చెయ్యండి" అన్నారు. టీ తాగుతూ వార్తలు మొత్తం చూసి వెళ్లారు.

మొత్తం ఖర్చు 2,860 రూపాయలు, బస్సు ఛార్జీలు కాకుండా. నాన్న పుస్తకంలో అన్నీ ఆయన పద్ధతిలోనే ఎక్కించాను, పేలిన కండెన్సర్‌తో సహా. ఇంకో పని మిగిలే ఉంది. ట్యూనరుకి వెళ్లే 33 వోల్టులు నిలకడగా లేవని నా అనుమానం. దాన్ని నిలబెట్టేది టీఏఏ550 అనే రెండు కాళ్ల చిన్న భాగం. నిన్న రాత్రి రాసిన పద్దు ఇది:

అరగంటకు చానెల్ జారుతోంది. ముందు రంగు పోతోంది, తర్వాత బొమ్మ. వెనక ఫ్యాను పెడితే గంటదాకా జారడం లేదు. రెండో శనివారం కోఠీ వెళ్లాలి. ఆ ఒక్కటే తేవాలి.